నూనె అన్న మాట

ఆగస్టు 16, శుక్రవారం

గాలి లేదు. పొద్దున లేచేసరికి గోడలకు చెమట పట్టింది. నిన్న ఆరేసిన బనీన్లు ఇంకా తడిగానే ఉన్నాయి. నిన్నటితో వుకైర్ విల్లాల్లో పై అంతస్తు డక్టులు బిగించడం అయింది. ఎండకాలం మధ్యాహ్నం పూట బయట పని చేయించకూడదని ఈ గల్ఫ్ దేశంలో చట్టం. మాది లోపలి పని. ఏసీ ఇంకా రాని ఇళ్లలో ఏసీ గొట్టాలు పెట్టే పని.

ఈరోజు సెలవు. రూములో వాళ్లు వక్రా సముద్రానికి పోయారు. నేను, హన్మాండ్లు అన్న మిగిలాం. నూనె కలిపాను.

నిన్న అన్న బాత్రూముల దగ్గర నుంచి వరండా అంతా వినపడేట్టు అరిచాడు. "తమ్మీ, నూనె ఒడిసిందిరా!"

క్యాంప్ బాస్ అటే వస్తున్నాడు. ఆయన మలయాళీ. హిందీ వచ్చు, ఇంగ్లీషు వచ్చు, జ్యూసన్నా ఫ్లేవరన్నా ఇట్టే పట్టేస్తాడు. నూనె తెలియదు. "క్యా నూనె?" అని ఆగాడు.

అన్న తొణకలేదు. "ఖానేకా తేల్, సాబ్."

ఆయన పోయాక ఇద్దరం కడుపు నొచ్చేదాకా నవ్వాం. వేప్ పెన్ను, అంటే లోపల పోసిన ద్రవాన్ని వేడి చేసి ఆవిరిగా పీల్చే పెన్ను, ఈ దేశంలో బంద్. పెన్ను దొరికినా, అందులో పోసేది దొరికినా కేసు, ఆ తర్వాత ఇంటికి టికెట్. అందుకే ఆ పేరు పెట్టాను. చూడటానికి కూడా నూనెలాగే ఉంటుంది, చిక్కగా, సీసా వంచితే మెల్లగా జారుతూ. గ్లిజరిన్ మందుల షాపుది. ఫ్లేవర్లు కేకుల సామాను అమ్మే షాపువి. ఇంకొక సీసా, నికోటిన్‌ది, మొహియుద్దీన్ తెచ్చిస్తాడు. కంపెనీ బస్సు డ్రైవరు, బోధన్ మనిషి. ఎక్కడిదని నేను అడగను.

ఈసారి పొగాకు ఫ్లేవరులో కాల్చిన చక్కెర వాసనది కొంచెం, కట్టెపొగ వాసనది ఇంకా కొంచెం వేశాను. అన్న ఒక దమ్ము గుంజి, కళ్లు మూసుకొని, చాలాసేపు రుచి చూశాడు.

"ఎట్లున్నదే?"

"మంచిగనే ఉన్నది. గని ఇది బీడీ గాదు తమ్మీ. బీడీ ఫోటో."

మళ్లీ నవ్వాం. అన్న ఊళ్లో ఉన్నప్పుడు రోజుకో కట్ట తాగేవాడట. పక్క బ్లాకులో మంచం అంటుకున్నప్పటి నుంచి క్యాంపులో నిప్పు బంద్. మొన్న ఊరికి పోయినప్పుడు వదినె కూడా బీడీ ముట్టనని ఒట్టు పెట్టించుకుంది. వదినె బీడీలు చేస్తుంది. మా దిక్కు అన్ని ఇళ్లలో అదే పని.

సాయంత్రం వీడియోలో వదినె వచ్చింది. ఒళ్లో చాట, చాటలో జర్దా, కోసిన ఆకు. మాటలు మాతో, వేళ్లు వాటి పని మీద.

"తిరుమల్ తిన్నడా?" అంది.

"తిన్నడు తీ. నాకన్న ఎక్కువనే తిన్నడు," అన్నాడు అన్న.

అమ్మ పోయినప్పటి నుంచి నన్ను ఆ మాట అడిగేది భూమవ్వ వదినె ఒక్కతే. అమ్మ ఒళ్లోనూ అదే చాట ఉండేది.

ఆగస్టు 19, సోమవారం

డ్యూటీ దిగాక బస్సులో మొహియుద్దీన్ పక్కన కూర్చున్నాను. కేకుల షాపులో కొన్న కొత్త సీసా చూపించాను. యాలకుల వాసనది. ఆయన బస్సు ఆపి, లైటు వేసి, చీటీ చదివాడు.

"అరె మియా, ఇది తిప్పి ఇచ్చెయ్. ఇది తేల్‌ది. ఉన్‌కే పాస్ రెండు రకాలుంటయ్. నీళ్లల్ల కలిసేది ఒకటి, నూనెది ఒకటి. నూనె జాతిది ఒక్క చుక్క గూడ పడొద్దు. పొయ్యి మీద గిన్నెల పడితె కడుగుతవ్. ఫేఫ్డేల, ఊపిరితిత్తులల్ల పడితె ఎట్ల కడుగుతవ్? చెప్పు."

"సరే భాయ్."

"సరే గాదు. యాద్ రఖ్నా."

నూనె కాని దాన్ని నూనె అంటున్నాం, నూనె మాత్రం పడకూడదు. అన్నకు చెబితే నవ్వుతాడు అనుకున్నాను. రూముకు వచ్చేసరికి అన్న పడుకున్నాడు.

ఆగస్టు 23, శుక్రవారం

అదే ఉక్క. కలుపుతుంటే అన్న పక్కనే కూర్చొని చూశాడు.

"నాకు గూడ నేర్పరాదు?"

"నీకెందుకే? నేనున్న గద."

"నువ్వు లేనప్పుడు?"

"నేనేడికి పోత?"

అన్నకు చదువు రాదు. కొలిచే సిరంజి మీది గీతలు సన్నగా ఉంటాయి, ఆయనకు చూపు ఆనదు. టైల్స్ కోసి కోసి చేతులు కూడా నిలకడగా ఉండవు. అందుకే నేర్పలేదు.

అందుకే.

ఆగస్టు 30, శుక్రవారం

దుమ్ము గాలి. నూనె కలిపాను. వదినె మాట్లాడింది. నేను తిన్నానని అన్న చెప్పాడు.

సెప్టెంబర్ 3, మంగళవారం

అల్ ఖోర్ సైటులో మనుషులు చాలడం లేదట. కొన్ని వారాలు అక్కడ ఉండమన్నారు. పేర్లు పిలిచిన వాళ్లలో అన్న పేరు లేదు. ఒక దగ్గు మందు సీసా కడిగి నిండా కలిపి పెట్టాను. అన్న అటూ ఇటూ తిప్పి చూశాడు.

"ఇది సరిపోతదా?"

"నేను వచ్చేదాక సరిపోతది. మెల్లగ తాగు."

సెప్టెంబర్ 6, శుక్రవారం, అల్ ఖోర్

సముద్రం దగ్గరే ఉందంటారు. కనపడదు. ఈ రూములో అందరూ నేపాల్ వాళ్లు, మంచివాళ్లు. వాళ్ల అన్నం వాళ్లు వండుకుంటారు, నాది నేను. పొద్దున్నించి ఎవరితోనూ తెలుగు మాట్లాడలేదు. సాయంత్రం వదినె ఫోను చేసే వేళకు నా ఫోను చూసుకున్నాను. ఆమె చేసేది అన్నకు. నాకెందుకు చేస్తుంది?

కలిపే సామాను వెంట తెచ్చుకున్నాను. కలపలేదు. ఒక్కడి కోసం ఎందుకు?

సెప్టెంబర్ 13, శుక్రవారం, అల్ ఖోర్

అన్నకు ఫోను చేశాను. రెండోసారికి ఎత్తాడు.

"నూనె ఒడిసిందా అన్నా?"

"ఉన్నది తీ."

"ఇంకా ఉన్నదా?"

"ఉన్నది. నువ్వు రంది వడకు. నీ పని నువ్వు జూస్కో."

పెట్టేశాడు. ఆయన తాగే తీరుకు ఆ సీసా ఇన్ని రోజులు రాదు. అన్న తాగడం తగ్గించి ఉంటాడు. మంచిదే.

సెప్టెంబర్ 17, మంగళవారం

పని.

సెప్టెంబర్ 24, మంగళవారం, వుకైర్

మధ్యాహ్నానికి పాత క్యాంపుకు తెచ్చి దింపారు. ఎండ కొంచెం మెత్తబడింది. అన్న డ్యూటీ నుంచి వచ్చి, నన్ను చూసి, చేతులు కూడా కడుక్కోకుండా పరుపు కింద నుంచి పెన్ను తీశాడు.

"పట్టు. గుంజు."

గుంజాను. గొంతులో ఘాటు తగిలింది. లోపలికి పోయాక చివర ఒక చేదు. తునికాకు కాలినప్పుడు వచ్చే చేదు లాంటిదే. ఇన్ని నెలలు నా చేతికి రానిది.

"ఏమేసినవే?"

అన్న మొహం వెలిగిపోతోంది. "జెప్పు సూద్దాం."

"తెల్వదు."

దిండు సంచిలో నుంచి ఒక బుడ్డి తీశాడు. వదినె పంటినొప్పికి పంపిన లవంగ నూనె. చాలా వరకు అయిపోయింది.

"నీ సీసా సగానికొచ్చింది. ఎట్లరా అనుకున్న. నూనెల నూనె గలిస్తె ఏమైతది అని రోజు ఇన్ని సుక్కలు పోసిన. మొదటి దమ్ముకే భూమవ్వ చేసిన బీడీ యాదికొచ్చింది తమ్మీ. చదువుకున్నోనివి, ఇన్ని సీసాలు దెస్తివి, నీకు గాలేదు సూడు!"

నవ్వాడు. నేనూ నవ్వాను. నవ్వుతూ నవ్వుతూ దగ్గాడు.

చెబుదామనుకున్నాను. దుమ్ము బట్టల్లో, బుడ్డి చేతిలో పట్టుకొని, అంత సంతోషంగా ఉన్నాడు.

లవంగం మందే కదా. పంటికి పెట్టుకుంటాం, కూరలో వేసుకుంటాం. చుక్కలే కదా.

సెప్టెంబర్ 25, బుధవారం

చెప్పలేదు. బస్సులో మనుషులున్నారు.

సెప్టెంబర్ 27, శుక్రవారం

నా సామాను మంచం మీద పరిచాను. అన్న రాలేదు. తన మంచం మీదే పడుకొని తన పెన్నే తాగాడు.

"నీదొద్దు తీ, సప్పగుంటది," అన్నాడు.

నేను సామాను సర్దేశాను.

వీడియోలో వదినె చాట పక్కన పెట్టి మరీ చూసింది. "ఏమయ్యా, గట్ల దగ్గుతున్నవేంది?"

"టైల్స్ దుమ్ము."

"తిరుమలూ, నిజమేనా? దుమ్మేనా?"

"దుమ్మే వదినె. ఇక్కడ అందరికీ ఉంటది."

నేను తిన్నానో లేదో ఈ వారం అడగలేదు. దగ్గు గొడవలో మరిచిపోయి ఉంటుంది.

అక్టోబర్ 1, మంగళవారం

అన్నకు జ్వరం. డ్యూటీకి రాలేదు. టైల్స్ దుమ్ము నిజంగానే చెడ్డది. మాస్కు కట్టుకొమ్మని సూపర్‌వైజరు ఎన్నిసార్లు చెప్పినా ఈయన కట్టుకోడు.

అక్టోబర్ 2, బుధవారం

జ్వరం తగ్గలేదు. పెన్ను ఇంకా తాగుతూనే ఉన్నాడు. "ఛాతీల పట్టేసినట్టున్నది, లవంగం ఘాటుకు జర ఇడుస్తది," అంటున్నాడు.

"దగ్గు తగ్గేదాక ఆపు అన్నా," అన్నాను. ఎందుకో చెప్పలేదు.

అక్టోబర్ 4, శుక్రవారం

పొద్దున అన్న లేచి కూర్చోలేకపోయాడు. పెదాలు నల్లబడ్డాయి. క్యాంప్ బాస్ అంబులెన్సు పిలిచాడు. ఎక్కిస్తుంటే అన్న నా చెయ్యి పట్టుకొని పరుపు వైపు చూశాడు. నాకు అర్థమైంది. వాళ్లు పోయాక పెన్ను, బుడ్డి తీసి నా పెట్టెలో పెట్టాను.

సాయంత్రం అన్న ఫోను మోగింది. మంచం మీదే వదిలేసిపోయాడు. మోగి మోగి ఆగింది.

అక్టోబర్ 5, శనివారం

మొహియుద్దీన్ బస్సు వెనక్కు పిలిచాడు. లవంగ నూనె సంగతి ఆయన ఒక్కడికే చెప్పాను. తల పట్టుకున్నాడు.

"నీకు చెప్పిన గదరా! నువ్వు ఆయనకు చెప్పలే?"

"నేను ఖోర్‌ల ఉంటి."

"ఖోర్ నుంచి వచ్చినంక?"

నేను బస్సు అద్దం మీది దుమ్ము వేలితో తుడిచాను.

"సరే. సామాను మొత్తం పారెయ్. ఔర్ సున్, మేరా నామ్ నై, నా పేరు యాడ తియ్యకు. పిల్లలున్నరు నాకు."

పెన్నులు, సిరంజి, ఫ్లేవర్లు, గ్లిజరిన్ సైటు చెత్తలో వేశాను. బుడ్డి వేయలేదు.

అక్టోబర్ 7, సోమవారం

డ్యూటీ అయ్యాక ఆసుపత్రికి పోయాను. ముక్కుకు గొట్టం, దాని మీద మాస్కు. అన్న చిన్నగా కనపడ్డాడు. అక్కడ విజయరాణి అని నర్సు ఉంది, కాకినాడ ఆవిడ. తెలుగు వినగానే నా దగ్గరికి వచ్చింది.

"మీరు ఈయన రూమ్మేటా అండీ? మందులు పడుతున్నా తగ్గట్లేదు. ఊపిరితిత్తుల్లో ఇది మామూలు నిమ్ము కాదేమోనని డాక్టరు గారికి అనుమానం. ఏదైనా పీల్చాడా అని అడిగితే దుమ్ము, దుమ్ము అంటాడు. మీకేమైనా తెలుసా?"

"టైల్స్ కోస్తడు మేడమ్."

"అది రాసుకున్నామండీ. ఇంకేదైనా?"

అన్న నా వైపు చూస్తున్నాడు. తల అడ్డంగా ఊపాడు. నేను తెలియదన్నాను.

ఆవిడ పోయాక మాస్కు కొంచెం పక్కకు జరిపాడు. "నీ పేరు నేనెందుకు తీస్త? నువ్వు భయపడకు." ఊపిరి తీసుకోవడానికి ఆగాడు. "గని తమ్మీ, నాకొకటి సమజ్ గాదు. ఇన్ని దినాలు నీ నూనె తాగితె ఏం గాలే. ఇప్పుడేమైంది?"

"డాక్టర్లు చూస్తున్నరు గదా," అన్నాను.

అక్టోబర్ 8, మంగళవారం

రేపు చెబుతాను.

చెబితే పెన్ను ఎక్కడిదంటారు. కలిపిందెవరంటారు. మొహియుద్దీన్‌కు పిల్లలున్నారు. అన్నే చెప్పొద్దన్నాడు. నా కోసం కాదు.

అక్టోబర్ 9, బుధవారం

రేపు.

అక్టోబర్ 10, గురువారం

పనిలో ఉండగా వదినె నుంచి ఫోను వచ్చింది. నా నంబరుకే. మొదటిసారి. డక్టు లోపల తల పెట్టి మాట్లాడాను, చప్పుడు వినపడకుండా.

ఊళ్లో ఈరోజు సద్దుల బతుకమ్మ. వెనక ఆడవాళ్ల పాటలు వినపడుతున్నాయి. తను పేర్చలేదని చెప్పింది.

"కంపెనీవోళ్లు ఏం జెప్పరు. ఆయనకు మాట రాకపాయె. నువ్వు చదువుకున్నోనివి, పక్క మంచమోనివి. ఏమైందో నీకెరుక ఉంటది గద తిరుమలూ."

నేను ఏమన్నానో గుర్తు లేదు. డక్టులో నా మాట నాకే తిరిగి వినపడింది. చివరికి ఆమే అంది.

"సరే. నువ్వు తిన్నవా?"

తిన్నానన్నాను. తినలేదు.

అక్టోబర్ 11, శుక్రవారం

పొద్దున్నే సిటీ బస్సు ఎక్కి పోయాను. జేబులో బుడ్డి. విజయరాణి డ్యూటీలో ఉందో లేదో అని మూడో అంతస్తు వరండాలో నిలబడ్డాను. ఉంది. బుడ్డి ఆవిడ చేతిలో పెట్టాను.

"ఇదేంటండీ?"

"లవంగ నూనె. పీల్చిండు."

"పీల్చడమంటే? వాసన చూశాడా?"

"పెన్నుల పోస్కొని. నెల రోజులు అయితది."

ఆవిడ బుడ్డి మూత తీసి, వాసన చూసి, మూత పెట్టింది. గట్టిగా ఊపిరి వదిలింది.

"సోమవారం నేనడిగితే తెలీదన్నారు మీరు."

"అవును మేడమ్."

"నాలుగు రోజులు... సరే. నూనె ఆవిరి పీల్చాడని డాక్టరు గారికి చెప్తాను. పెన్ను సంగతి నేను వినలేదు, మీరు అనలేదు. పోలీసులతో నాకేం పనండీ, మనిషి బతకాలి." రెండు అడుగులు వేసి వెనక్కి తిరిగింది. "పాపం, ఎవరైనా ఒక్క మాట చెప్పుంటే పోసుకునేవాడు కాదు కదండీ."

అన్నను చూడకుండానే వచ్చేశాను. నిద్రపోతున్నాడన్నారు.

అక్టోబర్ 14, సోమవారం

మందు మార్చారట. ఊపిరితిత్తులు కూడా కడిగారట. కడగడం కుదురుతుందని నాకు తెలియదు.

అక్టోబర్ 18, శుక్రవారం

పొద్దున చల్లగా ఉంది. అన్న లేచి కూర్చున్నాడు. గంజి తాగాడట. నేను పోయింది డాక్టరు వచ్చే వేళ. దూరం నుంచి చూశాను.

అక్టోబర్ 22, మంగళవారం

అన్నను క్యాంపుకు తెచ్చి వదిలారు. బరువు పనికి, దుమ్ము పనికి పనికిరాడని కాగితం. కంపెనీ ఇంటికి పంపేస్తుంది. మెట్లెక్కడానికి రెండుసార్లు ఆగాడు. సంచి నేను మోశాను.

రూములో ఎవరూ లేరు. మంచం మీద కూర్చొని నన్ను ఎదురుగా కూర్చోమన్నాడు.

"ఆ కాకినాడామె జెప్పింది. నూనె పీల్చొద్దట గద."

"అవునే."

"నీకు ముందే ఎరుకనా?"

"ఎరుకే."

"ఎప్పటిసంది?"

"ఖోర్‌కు పోకముందుసంది. మొహియుద్దీన్ చెప్పిండు."

తల ఊపాడు. కోపం కనపడలేదు. కనపడి ఉంటే బాగుండేది. పరుపు అంచు మీది దారం ఒకటి లాగుతూ కూర్చున్నాడు.

"మరి దానికి నూనె అని ఎందుకు పేరు వెట్టినవ్‌రా?"

క్యాంప్ బాస్‌కు తెలియకుండా అని ఆయనకూ తెలుసు.

"నేను అడిగిన్నాడే నేర్పి ఉంటివి..." అన్నాడు. దగ్గు వచ్చింది. నీళ్లు ఇచ్చాను. తాగి, గ్లాసు నా చేతికి ఇవ్వకుండా కింద పెట్టాడు.

అక్టోబర్ 23, బుధవారం

ఆయనకు చూపు ఆనదని నేర్పలేదు అని ముందు రాసుకున్నాను. లవంగ నూనె చుక్కలు పోసుకోవడానికి చూపు ఆనింది.

అక్టోబర్ 25, శుక్రవారం

రూములో వాళ్లు సముద్రానికి పోయారు. గాలి బాగుంది. కిటికీ తెరిచి పెట్టాను. కలపడానికి ఏమీ లేదు. అన్న పెట్టె సర్దుకున్నాడు. తాడు కట్టడానికి మోకాలు పెట్టి నొక్కాలి, ఆయనకు ఆయాసం. నేను నొక్కాను, ఆయన ముడి వేశాడు.

"నూనె మరకలు గిట్ల అయినయా దీనికి?" అన్నాడు పెట్టె మూత చూస్తూ. అలవాటుగా అనేసి ఆగిపోయాడు. నేనూ నవ్వలేదు.

వదినె ఫోను వచ్చినప్పుడు అన్న ఫోను పట్టుకొని వరండాలోకి పోయాడు. తలుపు దగ్గరగా వేసి ఉంది. మాటలు వినపడలేదు. ఒకసారి మాత్రం వినపడింది.

"ఆ, తిరుమల్ ఉన్నడు. తిన్నడు."

తమ్మీ అని ఈ వారంలో ఒక్కసారి కూడా అనలేదు.

అక్టోబర్ 28, సోమవారం

ఏమీ లేదు.

అక్టోబర్ 30, బుధవారం

పొద్దున చలి గాలి, దుమ్ము లేదు. వుకైర్ విల్లాల్లో కింది అంతస్తు డక్టులు మొదలుపెట్టాం. సెలవు అడిగితే ఇవ్వలేదు. రెండోసారి అడగలేదు. హన్మాండ్లు అన్న మధ్యాహ్నం ఊరికి పోయాడు. ఎయిర్‌పోర్టుకు తీసుకుపోయిన బస్సు మొహియుద్దీన్‌ది.